వంశావళీ విమర్శ : యూదుల పద్ధతియు, గోదావరీ తీరపు వంశపాఠకులును

'వంశ' శబ్దమునకు వెదురు అనియు, కులపరంపర అనియు రెండర్థములు. అమరసింహుడు వనౌషధివర్గమున ఒకమారు, బ్రహ్మవర్గమున ఒకమారు ఈ శబ్దమును పఠించెను. వెదురునకు కణుపుల వలె కులమునకు తరములు గలవను సాదృశ్యము చేత రెండవ అర్థము కలిగెనని పెద్దలు చెప్పుదురు. భద్రాచలపుటడవులలో వెదురుపొదలను చూచినవారికి ఇందు మరియొక విశేషము తోచును. వెదురు ఒంటిగా పెరుగదు. నేలలో దుంప ఒకటి. పైకి వచ్చు బొంగులు పెక్కు. వంశావళి వ్రాయువాడు ఒక్క బొంగును పట్టుకొని కణుపులు లెక్కించును గాని, అడుగున నున్న దుంపను త్రవ్వి చూచుట అరుదు.

యూదుల వంశావళీ పరిశోధనము సంస్కృతాంధ్ర పాఠకులకు దేనికని ప్రశ్న పుట్టవచ్చును. గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున 1991లో తెలుగువారే కొందరు యూద ప్రార్థనామందిరమును నెలకొల్పిరి. ఇస్రాయేలు గోత్రములలో తాము ఎఫ్రాయీము గోత్రమువారమని వారు చెప్పుకొందురు. 'బెనే ఎఫ్రాయీము' అనగా ఎఫ్రాయీము సంతానము. ఆ కుటుంబములు మాదిగ కులమునకు చెందినవి. యూదాచారమునకు మరలుటకు పూర్వము క్రైస్తవ సంఘములలో నుండినవి. ఈ వాదమును విని నవ్వినవారు కలరు. విన్నంతనే నమ్మినవారును కలరు. ప్రమాణములు పెట్టి పరీక్షించినవారు స్వల్పము. వంశ విషయమున ఏది ప్రమాణము, ఏది కాదు అను చర్చకే ఈ వ్యాసము. ఖమ్మము, భద్రాచలము అరణ్యసీమ ఇందులోనికి వచ్చుటకు కారణము తరువాత తెలియును.

హీబ్రూ భాషలో వంశవృత్తాంతమునకు 'తోలెదోత్' అని పేరు. కనుట అను అర్థము గల ధాతువునుండి పుట్టిన పదమిది. తెలుగు బైబిలున దీనికి 'వంశావళి' అను మాట వాడబడినది. దినవృత్తాంతముల మొదటి గ్రంథమున తొలి 9 అధ్యాయములు కేవలము పేర్ల పట్టికలే. మన పురాణ పంచలక్షణములలో వంశము, వంశానుచరితము అని రెండు లక్షణములు చేరినట్లే వారికిని చరిత్ర యనగా మొదట వంశమే. అయితే ఆ గ్రంథములలో పరిశోధకునకు మిక్కిలి పనికివచ్చు భాగము ఎజ్రా గ్రంథపు రెండవ అధ్యాయము. బబులోను చెర నుండి మరలివచ్చిన కుటుంబముల పట్టిక అందున్నది. యాజకులమని చెప్పుకొన్న కొన్ని కుటుంబములవారు తమ వంశపత్రమును వెదకిరి; దొరకలేదు. వారు యాజకత్వమునుండి తొలగింపబడిరి. అట్టివారిలో ఒక కుటుంబపు మూలపురుషుడు బర్జిల్లయి అనువాని కుమార్తెను పెండ్లాడి మామగారి ఇంటి పేరును గ్రహించినవాడు. ఇది మన ఇల్లరికమే. ఇల్లరికము వచ్చిన చోట వంశావళి తడబడుట మన గ్రామములలో కరణపు లెక్కలు చూచినవారందరు ఎరిగినదే. పత్రము దొరకనంత మాత్రమున వంశము లేదని తేలదు. అధికారము మాత్రము పోవును. ఈ రెండును వేరని ఆ అధ్యాయమే తెలుపుచున్నది.

యూదుల ధర్మశాస్త్రమున రెండు సూత్రములు ప్రక్కప్రక్కన నడచును. ఒకడు యూదుడగుట తల్లిని బట్టి. కోహెన్ అను యాజకుడో లేవీయుడో అగుట తండ్రిని బట్టి. తల్లిని బట్టి వంశమనగానే మనవారు అది పరదేశపు ఆచారమందురు. బృహదారణ్యకోపనిషత్తు ఆరవ అధ్యాయాంతమునందలి వంశబ్రాహ్మణమును చూడవలెను. అచ్చట ఆచార్యపరంపర చాలవరకు పౌతిమాషీపుత్రుడు, కాత్యాయనీపుత్రుడు అని తల్లుల పేర్లతోనే నడచును. ఛాందోగ్యమున సత్యకాముడు గోత్రమెరుగక తల్లి జబాల పేరుతో జాబాలుడైన కథ సర్వవిదితము. గౌతముడు అతనిని అంగీకరించినది పత్రమును చూచి కాదు, మాటలోని సత్యమును చూచి. వంశనిర్ణయమున సాక్షి శీలమునకు ఎంత విలువ యుండవలెనో ఆ కథ వలన తెలియును.

ఇక రక్తసంబంధము వేరు, కర్మసంబంధము వేరు. అన్యుడెవడైన శాస్త్రోక్తముగా యూదమతమును స్వీకరించినచో అతనిని 'అబ్రాహాము కుమారుడు' అని పిలుతురు. తండ్రి పేరు చెప్పవలసిన చోటనెల్ల అతనికి ఆ పేరే తండ్రి పేరు. మన శ్రౌతసూత్రములలో క్షత్రియ వైశ్యులకు పురోహితుని ప్రవరయే చెప్పబడినది. ఆంగీరస, బార్హస్పత్య, భారద్వాజులను చెప్పు వారందరు భరద్వాజుని ఔరస సంతానమే యనుటకు వీలు లేదు. ప్రవర యజ్ఞమున అగ్నికి చెప్పు చిరునామా, జన్మపత్రము కాదు. జాన్ బ్రో అను పండితుడు 1953లో పురుషోత్తముని గోత్రప్రవరమంజరిని అనువదించుచు ఈ వ్యవస్థను విపులముగా చర్చించెను. కొత్తరెడ్డిపాలెము వారిని గూర్చి నవ్వువారు తమ గోత్రమునకు మూడు తరములకు పైబడిన పత్రమొకటి చూపగలరా అని నాకు సందేహము.

పేర్ల సంగతి చూతము. యూరపు యూదులలో పెక్కుమందికి స్థిరమైన ఇంటిపేర్లు లేవు. ఫలాని వాని కుమారుడు ఫలానివాడు అని తండ్రి పేరుతోనే వ్యవహారము. ఆస్ట్రియా చక్రవర్తి రెండవ జోసెఫు 1787లోను, నెపోలియను 1808లోను శాసనములు చేసి ఇంటిపేర్లు పెట్టించిరి. కావున అంతకు పూర్వపు వంశమును వెదకువాడు ఇంటిపేరును పట్టుకొనిన దారి తప్పును. కొంకణపు బెనే ఇస్రాయేలు యూదులకు పెన్‌కర్, రోహేకర్, కెహిమ్‌కర్ అని గ్రామములను బట్టి పేర్లు గలవు. ఇది మన ఇంటిపేర్ల తీరే. హయీము సామ్యూలు కెహిమ్‌కర్ తన సమాజ చరిత్రమును 1897లో వ్రాయగా అది 1937లో గాని అచ్చు కాలేదు. మధ్య యూరపున అష్కెనాజీ యూదులు బ్రదికియున్నవారి పేరు బిడ్డకు పెట్టరు. స్పెయిను మూలము గల సెఫార్దీలు తాత బ్రదికియుండగనే పెట్టుదురు. ఈ భేదము చిన్నదిగా తోచును గాని ప్రయోజనము పెద్దది. అష్కెనాజీ కుటుంబమున మనుమనికి తాత పేరు వచ్చిన సంవత్సరము తెలిసినచో, తాత అప్పటికే గతించెనని తేలును. మనలో తాత పేరు మనుమనికి వచ్చుట సర్వసాధారణము గనుక రామయ్య, సీతయ్య, మరల రామయ్య అని పేర్లు మారిమారి వచ్చును. ఇద్దరు రామయ్యలను ఒక్కనిగా చేసి నడుమ ఒక తరమును మ్రింగివేసిన వంశవృక్షములు ఎన్నియో కలవు.

సమాధిశిలలు వారికి ముఖ్యాధారము. శిలపై మృతుని పేరు, తండ్రి పేరు, మాసము, దినము ఉండును. యాజక వంశ్యుని శిలపై ఆశీర్వదించు రెండు చేతులు, లేవీయుని శిలపై నీటిచెంబు చెక్కుట కలదు. సంవత్సరమును అక్షరములతో వ్రాయుదురు. అక్షరమునకు సంఖ్య విలువ కలదు. మన కటపయాది సంఖ్య తెలిసినవారికి ఇది కష్టము కాదు. చాల చోట్ల అయిదువేలను వ్రాయక విడిచి మిగిలిన వందలు, పదులు మాత్రమే వ్రాయుదురు. వారి పంచాంగము చాంద్రసౌరము. 19 ఏండ్లకు 7 అధికమాసములు. మరణదినమును మాసతిథులను బట్టియే పాటింతురు గనుక మన ఆబ్దికమునకు వలెనే ఇంగ్లీషు తేదీ ఏటేట మారును. అదారు మాసమున గతించినవానికి అధిక సంవత్సరమున మొదటి అదారా, రెండవ అదారా అను చర్చ వారిలోను ఉన్నది. కొత్తరెడ్డిపాలెపు మందిరము వెలసిన 1991 వారి లెక్కకు 5751, 5752 సంవత్సరములు. మనకు ఉగాది మొదలు ప్రజోత్పత్తి. వంశవిచారమునకు పేరు బాగుగనే కుదిరినది. కాని ప్రజోత్పత్తి 1931లోను వచ్చినది. శకసంఖ్య లేక సంవత్సరనామము మాత్రమే గల తాళపత్రమును చూచినప్పుడు అరువదియేండ్ల తేడా రాకుండ జాగ్రత్తపడవలెను.

పత్రముల భాండారములలో కైరో చెంత ఫుస్తాతులోని బెన్ ఎజ్రా మందిరపు 'గెనిజా' సాటి లేనిది. దేవుని పేరు గల కాగితమును పారవేయరాదని చిరిగిన పత్రములనెల్ల ఒక గదిలో పడవేయుట ఆచారము. సొలొమను షెఖ్టరు 1896, 1897లలో వానిలో అధికభాగమును కేంబ్రిడ్జికి చేర్చెను. అందు మన దేశమునకు సంబంధించిన లేఖలును కలవు. పండ్రెండవ శతాబ్దమున మంగళూరిలో వర్తకము చేసిన అబ్రాహాము బెన్ యీజు అను యూదుడు 1132లో ఆశు అను దాసికి విముక్తిపత్రము వ్రాసియిచ్చెను. ఆమెయే అతని సంతానమునకు తల్లియని పండితులు నిర్ణయించిరి. వర్తకుల లెక్కలు, బాకీలు నిండిన ఆ కాగితములలో ఒక దేశీయ స్త్రీ పేరు తొమ్మిది వందల ఏండ్లు నిలిచినది. వంశావళులలో స్త్రీలు జారిపోవుదురు, న్యాయపత్రములలో దొరకుదురు. ఇది మన విద్యార్థులు గుర్తుంచుకొనదగినది.

తెలుగు దేశమున యూదుల జాడ కొత్తది కాదు. గోలకొండ వజ్రముల కొరకు మదరాసు నుండి యూద వర్తకులు వచ్చిరి. వారిలో జాక్ డి పైవా 1687లో గతించెను. అంతకు ముందే యూద జన్ముడైన సర్మదు కవి హైదరాబాదున నుండెను. 'దబిస్తాను' అను పారసీక మతగ్రంథమును కూర్చినవాడు 1647లో ఇచ్చటనే అతనిని కలిసి యూదమతమును గూర్చి తెలిసికొనెను. పిదప ఢిల్లీలో ఔరంగజేబు కాలమున సర్మదునకు శిరశ్ఛేదమైనది. కాని వీరెవ్వరికిని కొత్తరెడ్డిపాలెపు కుటుంబములకు సంబంధము చూపు ఆధారము లేదు. దేశమొక్కటే యగుట వంశమొక్కటి యగుటకు హేతువు కాదు. దీనిని అనైకాంతిక హేత్వాభాసమని మన తార్కికులందురు.

వంశప్రమాణము మనుష్యుని బ్రదుకునే నిర్ణయించు సందర్భములు కలవు. ఇస్రాయేలు రాజ్యమున 1950 నాటి పునరాగమన శాసనమును 1970లో సవరించి యూదుని బిడ్డలకు, మనుమలకు కూడ హక్కు కల్పించిరి. బెనే ఇస్రాయేలు వారు అచ్చటికి పోగా 1962లో రబ్బీల మండలి వారి పెండ్లిండ్లకు ముందు పూర్వుల వంశమును విచారింపవలెనని ఆజ్ఞ చేసెను. వారు వీధులకెక్కిరి. 1964లో పార్లమెంటు కల్పించుకొన్న మీదట ఆ నియమము సడలినది. 2005లో మణిపూరు, మిజోరముల బెనే మెనషే వారిని ప్రధాన రబ్బీ యొకరు ఇస్రాయేలు సంతతిగా అంగీకరించెను. అయినను శాస్త్రోక్తమైన మతస్వీకారము వారికి తప్పలేదు. అనగా పరంపరను నమ్మియు, కర్మను విడువక, రెండు మార్గములను కలిపిరన్నమాట.

ఇక కొత్తరెడ్డిపాలెము. యూలియా ఎగోరొవా, షాహిద్ పర్వేజ్ అను ఇద్దరు పండితులు 2013లో వీరిని గూర్చి ఒక గ్రంథము ప్రకటించిరి. కులము, మతము, ఆత్మగౌరవము అను దృష్టితో సాగిన రచన యది. సంఘనాయకులు చూపు ఆధారములు ప్రధానముగా పెద్దలనుండి విన్న మాట, గోమాంస భోజనము, శవములను పూడ్చుట వంటి ఆచారములు. ఆచారసామ్యము బలహీన ప్రమాణము. ఈ ఆచారములు మరి పెక్కు కులములకును కలవు. డి.ఎన్.ఏ. పరీక్షను గూర్చి నేడు మాటలు హెచ్చు. 1997లో కోహెన్ వంశ్యులపై జరిగిన పరీక్ష తండ్రి నుండి కొడుకునకు పోవు ఒక్క పోగును మాత్రమే చూచినది. పది తరములకు పూర్వము మనుష్యునకు 1024 మంది పూర్వులకు స్థానము కలదు. ఆ పోగు అందులో ఒక్కనిది. మొదట చెప్పిన వెదురుపొదలో ఒక బొంగు.

పిన్న పరిశోధకులు ఇంకను చేయవలసిన పని వేరుగా నున్నది. మొదటిది, బాప్తిస్మపు పుస్తకములు చూచుట. 1878 జూలైలో ఒంగోలు ప్రాంతమున వెల్లంపల్లి చెంత ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిరి. వారిలో అధికులు మాదిగలు. అట్టి పుస్తకములలో పాత పేరు, కొత్త పేరు, ఊరు దొరకును. ఎఫ్రాయీము అను పేరు ఒక కుటుంబమున బైబిలు చదువుటకు ముందే యున్నదా, పిమ్మట వచ్చినదా అనునదే ఇందు కీలకము. రెండవది, మాదిగలకు ఆశ్రితులైన డక్కలివారిని అడుగుట. వారు పటములు చూపి జాంబపురాణమును, కులపు మూలమును, ఇంటిపేర్లను చెప్పుదురు. ఒక కులపు వంశమును ఆ కులమువారి నోట మాత్రమే వినిన ఏకపక్షమగును. వంశము చెప్పుటయే వృత్తిగా గలవారి నోటను వినవలెను. డక్కలివారి పాఠమున పడమటి సముద్రమును దాటివచ్చిన ప్రసక్తి యున్నచో అది విచార్యము. లేనిచో దానికి సమాధానము చెప్పవలెను.

ఇచ్చటనే మన అరణ్యసీమ ప్రసక్తి. తెలుగునాట పెక్కు కులములకు ఇట్టి ఆశ్రితులు కలరు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, కోయలకు డోలివారు. కోయలలో మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు అని సంఖ్యలతో గట్టులు కలవు. ఒక గట్టువారు తమలో తాము పెండ్లియాడరు. ఇది సగోత్ర నిషేధమే. ఒక్కొక్క గట్టున ఇంటిపేర్లు, వానికి వేల్పులు. డోలివారు కొలుపులలోను, చావుదినములలోను ఆ ఇంటివారి వేల్పు కథను, పూర్వుల పేర్లను, వచ్చిన దారిని పాడుదురు. 'పడిగె' అను త్రికోణపు గుడ్డపై కథలోని బొమ్మలుండును.

పాఠశాలలో క్రమము, జట, ఘనము వల్లించినవారికి ఈ పడిగె ప్రయోజనము సులభముగా బోధపడును. వేదమున పదములు తారుమారు కాకుండ వికృతిపాఠములు కాపాడినవి. యూదులలో 'మసోరా' పండితులు పదములను, అక్షరములను లెక్కించి అంచులపై వ్రాసి తమ గ్రంథమును కాపాడిరి. డోలివానికి వికృతిపాఠము లేదు, అక్షరము లేదు. బొమ్మల వరుసయే అతని ఘనపాఠము. గాయకుడు ఒక తరమును విడిచిన పడిగె పట్టి చూపును. కావున పాటను మాత్రము రికార్డు చేసి పడిగెను ఫోటో తీయని సంకలనము సగము పనియే. మణుగూరు మండలమున కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్య ఈ విద్యలో ప్రసిద్ధుడు. సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలోను తెలుగులోను పాడెడివాడు. 2022లో పద్మశ్రీ పొంది, 2024లో గతించెను. అదే 2022లో డక్కలివారి కిన్నెర విద్యకు దర్శనం మొగిలయ్యకును పద్మశ్రీ వచ్చినది. ఇరువురును వంశపాఠకుల కులములవారే యను సంగతిని నాటి పత్రికలు అంతగా పట్టించుకొనలేదు.

ఈ పాఠమునకు న్యాయస్థానపు విలువ కూడ కలదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము గిరిజనేతరులైన వనవాసులను 2005 డిసెంబరు 13కు పూర్వము మూడు తరములు, అనగా 75 ఏండ్లు, ఆ అడవిలో నున్నట్లు చూపుమనును. ఆ చట్టపు నియమములలో పెద్దల వాఙ్మూలము, వంశావళి రెండును సాక్ష్యములుగా పేర్కొనబడినవి. మన శ్రాద్ధమున పితృ, పితామహ, ప్రపితామహులను ముగ్గురిని చెప్పుదుము. ఇస్రాయేలు శాసనము మనుమని వరకు చూచును. అటవీ చట్టము మూడు తరములనును. మనుష్యుడు నిక్కముగా జ్ఞప్తియందుంచుకొనగలిగినది అంతవరకే యని ఈ మూడు వ్యవస్థలు వేరువేరుగా కనుగొనినట్లున్నది.

అంతకు పైబడిన దానికి కచేరీలు తిరుగవలెను. అందు భద్రాచలము వంటి క్లిష్టమైన తావు అరుదు. 1860లో నిజాము నుండి ఇంగ్లీషువారికి వచ్చి మధ్యపరగణాల ఎగువ గోదావరి జిల్లాలో చేరినది. 1874లో మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారినది. 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మము జిల్లాకు వచ్చినది. 2014లో పోలవరము నిమిత్తమై కూనవరము, చింతూరు, వరరామచంద్రాపురము మొదలగు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. ఒక కుటుంబపు అయిదు తరముల పత్రములకు హైదరాబాదు, నాగపురము, చెన్నపట్టణము, రాజమహేంద్రవరము, ఖమ్మము అను అయిదు చోట్లు వెదకవలసి వచ్చును. వీనికి తోడు దుమ్ముగూడెమున నివసించిన క్రైస్తవ బోధకుడు జాన్ కెయిన్ 1876 మొదలు 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో భద్రాచలము, రేకపల్లి తాలూకాలను గూర్చి వ్రాసిన వ్యాసములు చూడదగినవి.

మునుగుచున్న గ్రామములలో గతించినవారికి నిలిపిన రాళ్లు కలవు. యూదుల సమాధిశిలలవలె వానిపై అక్షరములు లేవు. ఏ రాయి ఎవరిదో ఆ ఊరి ముసలివారికే తెలియును. ఊరు కదలిపోకముందే ఒక్కొక్క రాయి యొద్ద వారిని నిలిపి, పేరు, గట్టు, ఇంటిపేరు, తల్లి పుట్టిన ఊరు వ్రాసికొని, డోలివారి పాఠముతో సరిచూడవలెను. తల్లి పుట్టిన ఊరును అడుగుట మరువరాదు.